ముందు వినడము నేర్చుకుందాము

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములోని మన విశ్వాసుల ఇండ్లలో పెద్దవారికి ఫెబా రేడియో గుర్తుండే ఉంటుంది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి 2003 వరకు షార్ట్‌వేవ్ మీద తెలుగులో వాక్య సందేశములు వచ్చేవి. ఆ దీవులు మనకు సుమారు 3,600 కిలోమీటర్ల దూరములో ఉన్నాయి. మధ్యలో తీగ లేదు, స్తంభము లేదు. అయినా మన ఇంటి గూట్లో ఉన్న రేడియోలో ఆ స్వరము పలికేది. ఎలా?

భూమికి దాదాపు 100 నుండి 400 కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతి వలన విద్యుదావేశము పొందిన గాలి పొరలు ఉన్నాయి. షార్ట్‌వేవ్ తరంగములు వాటిని తాకి, వంగి, మరల నేలకు దిగుతాయి. ఇది మనుష్యులు వేసిన దారి కాదు. సృష్టికర్త ఆకాశమును అలా అమర్చాడు. ఆ దారిని పెద్ద ప్రసార కేంద్రములే కాక, సామాన్యులు కూడా ఉపయోగించుకోవచ్చు. దానినే హామ్ రేడియో అంటారు. లైసెన్సు పొందిన వ్యక్తి తన ఇంటి నుండే, లాభాపేక్ష లేకుండా, దూరప్రాంతముల వారితో మాట్లాడే అలవాటు ఇది.

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇదెందుకని యౌవనస్థులు అడుగుతారు. సెల్‌ఫోనుకు టవరు కావాలి, టవరుకు కరెంటు కావాలి. హామ్ రేడియోకు ఒక బ్యాటరీ, ఒక తీగ చాలు. గోదావరి, కడెం వాగుల ప్రక్కన బ్రతికే మనకు ఈ తేడా తెలియాలి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు తట్టుకోలేనంత వరద వచ్చి, దిగువ గ్రామములను ఖాళీ చేయించవలసి వచ్చింది. అటువంటి రాత్రి ఒక్క వార్త సమయానికి చేరితే ఎన్నో ప్రాణములు నిలుస్తాయి.

దీనికి మన తెలుగు నేల నుండే సాక్ష్యము ఉన్నది. హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపించబడింది. ఆ సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందము 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్ళింది. ప్రపంచములోని హామ్‌లతో మాట్లాడడమే వారి ఉద్దేశము. డిసెంబరు 26న భూకంపము, సునామీ వచ్చాయి. సరదాగా తీసుకువెళ్ళిన రేడియోలే ఆ రోజు దీవులకూ, తమవారి కోసము తల్లడిల్లుతున్న కుటుంబములకూ మధ్య వారధి అయ్యాయి. ముందే సాధన చేసినవారు అక్కడ ఉన్నారు గనుకనే అది సాధ్యమైంది. ఆపద వచ్చిన రోజున నేర్చుకుందామంటే కుదరదు.

మరి చిన్న పట్టణములో ఎలా ప్రారంభించాలి? మొదట వినండి. షార్ట్‌వేవ్ ఉన్న పాత రేడియో ఇంట్లో ఉంటే దుమ్ము దులిపి, పగలు ఏ స్టేషన్లు వస్తున్నాయో, రాత్రి ఏవి వస్తున్నాయో ఒక నోటుపుస్తకములో వ్రాయండి. ఆకాశము గంటగంటకు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. హామ్‌ల మాటలు మాత్రము మామూలు రేడియోలో బాతు అరుపులా వినిపిస్తాయి. వారు వాడే పద్ధతి వేరు. దానికి తగిన సెట్టు కావాలి.

తరువాత పరీక్ష. 12 ఏండ్లు నిండినవారు ఎవరైనా వ్రాయవచ్చు. రేడియో సూత్రములు, నియమములు అని రెండు భాగములు ఉంటాయి. ఓమ్ నియమము, కెపాసిటరు, ఏరియలు వంటివి ఇంటర్ చదివినవారికి కష్టము కావు. మొదటి మెట్టు పరీక్షలో మోర్స్ కోడు అవసరము లేదు. లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ. లైసెన్సుతోపాటు 'వీయూ' అక్షరములతో మొదలయ్యే సంకేతనామము వస్తుంది. లోకములో అది మరెవరికీ ఉండదు. లైసెన్సు లేకుండా సెట్టు కొని మాట్లాడడము నేరము. ఈ విషయములో తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి.

చేతిలో పట్టుకొనే చిన్న సెట్టుతో ఆదిలాబాదు నుండి హైదరాబాదు అందదు. అది ఊరి చుట్టుప్రక్కలకే. 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో అయితే పగటి పూట కూడా కొన్ని వందల కిలోమీటర్లు మాట్లాడవచ్చు. దానికి ఏరియలు రెండు వైపులా పదేసి మీటర్ల రాగి తీగ. పెరట్లో రెండు చెట్లుంటే చాలు. కరెంటు తీగలకు దూరముగా కట్టండి. ఉరుములు మొదలు కాకముందే సెట్టు నుండి విడదీయండి.

ఒక సంగతి మన పాఠకులకు ప్రత్యేకముగా చెప్పాలి. ఈ రేడియోలో వ్యాపారము, ప్రకటనలు, పాటలు నిషిద్ధము. రాజకీయము, మతము మాట్లాడకపోవడము హామ్‌ల మర్యాద. అంటే ఇది ప్రసంగ వేదిక కాదు. మరి విశ్వాసికి ఇక్కడ పని ఏమిటి? ఖాట్మండులో పాఠశాల నడిపిన జెసూట్ గురువు ఫాదర్ మార్షల్ మోరన్‌ను తలచుకోండి. 1992లో కన్నుమూసిన ఆయన, చాలా ఏండ్లు నేపాలు నుండి వినిపించిన హామ్ స్వరము. గురువని తెలిసే లోకమంతటి నుండి ఆయనను పలుకరించేవారు. మర్యాద, ఓపిక, ఎదుటివాని మాట పూర్తిగా వినడము కూడా సాక్ష్యమే. హామ్ బటను నొక్కినంతసేపు ఎదుటి స్వరము వినబడదు. వినాలంటే తన మాట ఆపాలి. మన ఇండ్లలో, సంఘములలో కూడా ఈ పాఠము అవసరమే.

పట్టణములో తోడు లేదని వెనుకాడవద్దు. కరీంనగర్‌లోనో, నిర్మల్‌లోనో, బెల్లంపల్లిలోనో యౌవనస్థుల కూడికలో ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే పరీక్ష సులువవుతుంది. సైన్సు చెప్పే ఉపాధ్యాయులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారానికి ఒక గంట ఇవ్వమని వారిని అడగండి. మంచి సమరయుని ఉపమానములో గాయపడినవాని ప్రక్కగా ఇద్దరు వెళ్ళిపోయారు, ఒక్కడు ఆగాడు. ఎక్కడో ఒక బలహీనమైన స్వరము సహాయము కోరినప్పుడు, విని ఆగేవాడు మన పట్టణములో ఒక్కడైనా ఉండాలని మా ప్రార్థన.