కోర్టు టేబుల్ మీద ఉబుంటు, ఇంటి టేబుల్ మీద విండోస్

తెలుగు రాష్ట్రాల్లో లినక్స్ మీద రోజంతా పనిచేసేవాళ్ళను చూడాలంటే హైటెక్ సిటీ దాకా పోనక్కర్లేదు, ఏదైనా జిల్లా కోర్టు ఆఫీసుకు వెళితే చాలు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ పర్యవేక్షణలో ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు తొలి దశ 2007లో మొదలైంది. తర్వాతి ఏళ్ళలో దేశమంతటా కింది కోర్టుల కంప్యూటర్లలో, న్యాయాధికారుల ల్యాప్‌టాప్‌లలో కోర్టు పనికి తగ్గట్టు మార్పులు చేసిన ఉబుంటు లినక్స్ వేశారు. దాన్ని వాడటం నేర్పడానికి న్యాయాధికారుల్లోంచే కొందరిని మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేశారు.

అక్కడి పని చూస్తే ఇది ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. కేసు దాఖలైన దగ్గర్నుంచి వాయిదాలు, కాజ్ లిస్టు, తీర్పు వరకు అన్నీ సీఐఎస్ అనే ప్రోగ్రాములో ఎక్కుతాయి. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ పుణె విభాగం తయారుచేసిన ఆ ప్రోగ్రాము బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. వాంగ్మూలాలు, ఉత్తర్వులు టైపు చేయడానికి ఉబుంటుతో పాటే వచ్చే లిబ్రే ఆఫీస్ ఉంది. బెంచి క్లర్కుకైనా స్టెనోకైనా దాదాపు ఇంతే అవసరం. చిక్కల్లా ఫైలు గేటు దాటినప్పుడే. వకీలు ఆఫీసులో ఎంఎస్ వర్డ్‌లో తయారైన పత్రాన్ని లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే ఫాంటు మారుతుంది, పంక్తులు జరుగుతాయి, పది పేజీలది పదకొండు అవుతుంది. పీడీఎఫ్‌గా మార్చి పంపితే ఆ బాధ ఉండదు, కానీ దిద్దాల్సిన కాగితాన్ని పీడీఎఫ్‌గా పంపి లాభం లేదు.

లినక్స్ అనేది అసలు ఒక కెర్నల్, అంటే యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ ఉండే మూలభాగం. ఫిన్‌లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దాన్ని 1991లో బయటపెట్టాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలతో, తెరమీద కనిపించే కిటికీలు, బటన్లతో దాన్ని కలిపి డెబియన్, ఉబుంటు, రెడ్‌హ్యాట్ లాంటి పంపిణీలుగా అందిస్తారు. వాటిలో చాలావాటికి లైసెన్సు రుసుము ఉండదు. మూలరచన అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి ఎవరైనా చదవవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు.

మన దేశంలో డెస్క్‌టాప్ మీదికి లినక్స్ పెద్దయెత్తున వచ్చిందంటే దాని వెనక దాదాపు ఎప్పుడూ ఒక ఉత్తర్వు ఉంటుంది. జీవిత బీమా సంస్థ 2000ల దశకంలోనే రెడ్‌హ్యాట్ వైపు మొగ్గింది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై విభాగం 2007లో డెబియన్ ఆధారంగా, భారతీయ భాషలకు వీలుగా ‘బాస్’ పేరుతో ఒక పంపిణీ విడుదల చేసింది. తమిళనాడు 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే దాన్నీ వేసి ఇచ్చారు. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. రక్షణ శాఖ 2023లో ఉబుంటు ఆధారంగా తయారైన ‘మాయా’ను తన కంప్యూటర్లలో వేయాలని నిర్ణయించింది. అక్కడ కారణం డబ్బు కాదు, భద్రత.

వీటన్నిటిలో గట్టిగా వేళ్ళూనింది కేరళ బడుల ప్రయోగం. అక్కడి విద్యాశాఖ సంస్థ కైట్ తన సొంత ఉబుంటు రూపాన్ని 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో వేసి, 3,000 కోట్ల రూపాయలు ఆదా చేశామని 2019లో చెప్పింది. ఒక్కో యంత్రానికి లైసెన్సుల ఖర్చు లక్షన్నర వేసుకుంటే వచ్చే లెక్క అది. ఏ ప్రభుత్వమూ బడికి అంత పోసి కొనదు కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించే చదువుకోవాలి. అయితే పాఠ్యపుస్తకాలనూ ఉపాధ్యాయుల శిక్షణనూ ఆ వ్యవస్థ చుట్టూనే అల్లడం మాత్రం అసలైన పని. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోవచ్చు కూడా: జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చుకుని, 2017లో మళ్ళీ విండోస్‌కే పోవాలని తీర్మానించింది.

కోర్టులో కుదిరినది పక్క వీధిలోని ఆడిటర్ ఆఫీసులో కుదరదు. అక్కడ పద్దులన్నీ ట్యాలీలో ఉంటాయి, ట్యాలీ విండోస్ కోసం రాసినది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చిన్న దుకాణం లెక్కలు కూడా అందులోకే చేరాయి. దానికి తోడు డిజిటల్ సంతకం టోకెన్ ఒకటుంది. యూఎస్‌బీకి గుచ్చే ఆ ముక్క రిటర్నుల మీద సంతకం పెట్టాలంటే దాని డ్రైవరు, సంతకం చేయించే ప్రోగ్రాము రెండూ కలవాలి. విండోస్‌లో ఒక్క పూటలో అయ్యే ఆ పని లినక్స్‌లో పెట్టుకుంటే, గడువు తేదీ సాయంత్రం ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు.

తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన అడ్డంకి డీటీపీ సెంటర్లో ఉంది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవుతూ వచ్చాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు: ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు రోమన్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. లిబ్రే ఆఫీస్‌కు 2015లో పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచే శక్తి వచ్చింది గానీ, తెరవడం వేరు, అదే పేజీని మళ్ళీ దిద్ది ప్రెస్సుకు పంపడం వేరు. పాత ఫైళ్ళు, వేళ్ళకు పట్టిన కీబోర్డు వరస, ప్రెస్సువాడి అలవాటు మూడూ కలిసి ఆపరేటర్‌ను విండోస్ దగ్గరే కట్టిపడేశాయి.

తెలుగు టైపు చేయడానికి లినక్స్‌లో కొరతేమీ లేదన్నది ఇక్కడ చెప్పుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, డీటీపీవాళ్ళు వాడే యాపిల్ వరస అన్నీ అందులో దొరుకుతాయి. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తన పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పిల్లల కోసం ‘బాలస్వేచ్ఛ’ను తెచ్చింది. ఇంజనీరింగ్ విద్యార్థులే అందులో ఎక్కువగా కార్యకర్తలు. మెనూలు తెలుగులో ఉండటం ఒక్కటే జనాన్ని కదిలించలేదు. ‘ఫైల్’, ‘సేవ్’ అన్న మాటలు అప్పటికే తెలుగైపోయాయి కదా.

ఇంట్లో కథ వేరు. లినక్స్‌కు ఉన్న పెద్ద ఆకర్షణ ఉచితం కావడం. అసలు విండోసే ఉచితంగా వస్తుంటే ఆ మాటకు విలువేముంది? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లో విడిభాగాలు కొని బిగించుకున్న సిస్టమ్‌కు లైసెన్సు ధర బిల్లులో కనిపించడం అరుదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ సర్వే ప్రకారం 2017లో దేశంలో వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదే. కొన్ని వేలు తగ్గుతాయని ఉబుంటుతోనో డాస్‌తోనో వచ్చే ల్యాప్‌టాప్ కొన్నవారిలో చాలామంది అదే వారం దాన్ని ఫార్మాట్ కొట్టించి, పెన్‌డ్రైవ్‌లోని విండోస్ వేయించుకోవడం మామూలే. ఆఫీసులో తనిఖీ భయం ఉంటుంది, నోటీసు వస్తుందన్న బెదురు ఉంటుంది. ఇంటికి ఎవరొస్తారు? పైగా ఇంటి సిస్టమ్‌కు పని ఒక్కటి కాదు: పిల్లవాడి ఆటలు, అమ్మాయి ప్రాజెక్టు, తండ్రి పీఎఫ్ కాగితాలు, పాత ప్రింటరు. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఇంట్లో నింద పడేది లినక్స్ మీదే. బాగుచేసే కుర్రాడికీ విండోసే వచ్చు.

అమీర్‌పేటలో లినక్స్ నేర్పే కోచింగ్ సెంటర్లకు లోటు లేదు. అక్కడ నేర్చుకున్నది సర్వర్ ఉద్యోగానికి, ఇంట్లో వాడుకోవడానికి కాదు. ఉద్యోగం వచ్చాక కంపెనీ ఇచ్చేది ఎక్కువగా విండోస్ ల్యాప్‌టాప్; అందులో పుట్టీ అనే ప్రోగ్రాము తెరిచి దూరాన ఉన్న లినక్స్ సర్వర్‌లోకి వెళ్ళి పనిచేసి వస్తారు. 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే ఏర్పాటు రావడంతో తమ యంత్రంలో లినక్స్ వేసుకోవాల్సిన కాస్త అవసరమూ తగ్గింది. ఇక కుటుంబాల్లో డెస్క్‌టాప్ పనిలో సగం ఫోను లాగేసుకుంది. బహ్రెయిన్‌లోని అరాద్ నుంచి ఆర్మూరులోని ఇంటికి వీడియో కాల్ చేసే మనిషి చేతిలోని ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే, అది తెలియాల్సిన అవసరం అతనికి లేదు.

స్టాట్‌కౌంటర్ లెక్కలో 2024లో ప్రపంచ డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా 4 శాతం దాటింది. మన దేశానికి అదే సంస్థ 10 శాతానికి పైనే చూపింది. అది లెక్కపెట్టేది వెబ్ పేజీలు తెరిచిన సార్లను. యంత్రం కోర్టులో ఉందో, కాలేజీ ల్యాబ్‌లో ఉందో, పడకగదిలో ఉందో ఆ అంకె చెప్పదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, పాత సిస్టమ్‌లు చాలావాటిలో అది లేదు. వందల యంత్రాలున్న ఆఫీసు కొత్తవి కొనాలా, లినక్స్ వేయాలా అని లెక్క వేసుకోక తప్పదు. ఇంటి సిస్టమ్‌కు ఆ చర్చే రాదు. టీపీఎం తనిఖీని దాటవేసే విండోస్ 11 పెన్‌డ్రైవ్‌ను రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో తయారుచేయడం బాగుచేసే కుర్రాళ్ళకు అప్పటికే వచ్చు.