తెర మీది చుక్కల లెక్క

పిల్లలూ! సంక్రాంతి నెలలో ఇళ్ళ ముందు పెట్టే చుక్కల ముగ్గులు మీరు చూచే ఉంటారు. ముందు లెక్క ప్రకారం చుక్కలు పెట్టి, తరువాత గీతలు కలుపుతారు. 15 చుక్కల ముగ్గును 8 చుక్కల్లో ఇరికించబోతే గీతలన్నీ కలిసిపోయి, అది నెమలో కుండో పోల్చుకోలేము. కంప్యూటరు తెర కూడా అచ్చంగా అటువంటి చుక్కల ముగ్గే.

తెరలోని ఒక్కొక్క చుక్కను పిక్సెలు అంటారు. ఈనాడు చాలా మానిటర్లలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. హెచ్చవేసి చూడండి, 20,73,600! కంప్యూటరు ఎన్ని చుక్కల బొమ్మను పంపాలో చెప్పే ఈ జంట సంఖ్యలనే రిజల్యూషను అంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. కంప్యూటరు పంపే చుక్కల సంఖ్యను మనం మార్చవచ్చు గాని, తెరలో ఉన్న చుక్కలను మార్చలేము. అవి ఫ్యాక్టరీలో అమర్చినవి.

“తాతగారికి అక్షరాలు ఆనటం లేదు” అని కొందరు రిజల్యూషనును 1280 × 720కు తగ్గిస్తారు. అక్షరాలు పెద్దవవుతాయి, నిజమే. కాని 1920ని 1280తో భాగించండి. ఒకటిన్నర వస్తుంది. అంటే, వచ్చిన ఒక్కొక్క చుక్కను తెర ఒకటిన్నర చుక్కల మేర పరచాలి. అర చుక్క అనేది లేదు గదా! అందుచేత పక్కపక్క చుక్కల రంగులు కలిపి సర్దుతుంది. అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. మన తెలుగుకు ఇది మరీ నష్టం. ‘థ’ కడుపులో చుక్క ఉన్నది, ‘ధ’ కడుపులో లేదు. ఆ చుక్క మాసిపోతే, కొత్తగా చదువు నేర్చే పిల్లవాడు ‘కథ’ను ‘కధ’ అని నేర్చుకుంటాడు.

మరి తాతగారికి ఉపాయమేమిటి? విండోసు డిస్‌ప్లే సెట్టింగులలో ‘రికమెండెడ్’ అని ఉన్న రిజల్యూషనునే ఉంచి, ‘స్కేలు’ను 125 శాతానికో 150 శాతానికో పెంచాలి. అప్పుడు ఒక్కొక్క అక్షరాన్నీ ఎక్కువ చుక్కలతో గీస్తుంది. పెద్దదీ అవుతుంది, స్పష్టంగానూ ఉంటుంది.

ఒక్కొక్కప్పుడు సరైన సంఖ్య జాబితాలోనే కనబడదు. మానిటరు తన కొలతలను 128 బైట్ల చిన్న చీటీలో దాచి ఉంచుతుంది. కేబులు ద్వారా కంప్యూటరు దానిని చదువుకుంటుంది. పాడైన కేబులో, మధ్యలో తగిలించిన మరొక పరికరమో ఆ చీటీని అందనివ్వకపోతే, కంప్యూటరు 1024 × 768 వంటి చిన్న కొలతలతో సరిపెడుతుంది. అది 4కు 3 పాళ్ళ కొలత. మన తెరది 16కు 9. తెర నిండా సాగదీస్తే పున్నమి చంద్రుడు కోడిగుడ్డు అవుతాడు!

ముందు కేబులు మార్చి చూడాలి. అప్పటికీ కుదరకపోతే, మానిటరుతో వచ్చిన పుస్తకంలో అసలు లెక్క చూచి, మనమే కంప్యూటరుకు చెప్పాలి. చాలా గ్రాఫిక్సు కార్డుల సెట్టింగులలో ‘కస్టమ్ రిజల్యూషన్’ అనే చోటు ఉంటుంది. అక్కడ అడ్డం, నిలువు సంఖ్యలూ, సెకండుకు ఎన్నిసార్లు బొమ్మ పంపాలో (సామాన్యంగా 60) ఇవ్వాలి.

ఈ లెక్కలో ఒక తమాషా ఉన్నది. టెలివిజనులకు కూడా వాడే కొలత ప్రకారం, 1920 × 1080 బొమ్మకు 2200 × 1125 చుక్కలు పంపేటంత వ్యవధి కేటాయిస్తారు. వెనుకటి పిక్చరు ట్యూబులలో ఎలక్ట్రానుల కిరణం ఒక వరుస గీసి, మళ్ళీ మొదటికి రావటానికి కొంత వ్యవధి కావలసివచ్చేది. ట్యూబులు పోయినా ఆ ఏర్పాటు నిలిచిపోయింది!

ఈ పని పెద్దలను దగ్గర పెట్టుకుని చేయండి. మానిటరు తట్టుకోలేని సంఖ్య ఇస్తే తెర నల్లబడవచ్చు. కంగారుపడి ఏ మీటా నొక్కవద్దు. విండోసు సెట్టింగులలో మార్చినట్లయితే, మీరు సరే అననంతవరకు 15 సెకండ్లు చూచి, కంప్యూటరే పాత కొలతకు తిరిగివస్తుంది.

చివరకు మీకొక లెక్క. 3840 × 2160 చుక్కల తెరకు 1920 × 1080 బొమ్మ పంపితే, ఒక్కొక్క చుక్క ఎన్ని చుక్కలుగా పరుచుకుంటుంది? అక్కడ అర చుక్కల బాధ ఎందుకు లేదు? కాగితం మీద గళ్ళు గీసి చూడండి, మీకే తెలుస్తుంది.