వంగే కీళ్లకు పట్టు కావాలి

మోకాళ్లు వంచకుండా అరచేతులు రెండూ నేలకు ఆన్చేసే పిల్ల దాదాపు ప్రతి తరగతిలోనూ ఉంటుంది. బొటనవేలిని ముంజేతికి ఆనేదాకా వంచి తోటి పిల్లలను హడలగొట్టే పిల్లాడూ ఉంటాడు. డాన్స్ మాస్టర్లు ఇలాంటి పిల్లలను ముందు వరసలో నిలబెడతారు. యోగా పోటీలకు పేర్లు రాసేటప్పుడు ముందు గుర్తొచ్చేదీ వీళ్లే. ఇరవై, ఇరవై అయిదేళ్లు వచ్చేసరికి వీళ్లలో కొందరు మోకాళ్ల నొప్పులతోనో, ఊరికే బెణికే చీలమండతోనో, సంచి ఎత్తితే ఏదో జారినట్టుండే భుజంతోనో డాక్టరు దగ్గర కూర్చుంటారు. ఎక్స్‌రే బాగానే ఉంటుంది. రక్తపరీక్షలూ బాగానే ఉంటాయి. "కొంచెం స్ట్రెచింగ్ చేయండి, సర్దుకుంటుంది" అన్న సలహా దొరుకుతుంది. వీళ్లకు అతి తక్కువగా పనికొచ్చే సలహా అదే.

కీళ్లు మామూలు హద్దు దాటి కదలడాన్ని వైద్యులు హైపర్‌మొబిలిటీ అంటారు. దాన్ని కొలవడానికి వాడే తొమ్మిది మార్కుల పరీక్షకు జన్యువైద్యుడు పీటర్ బైటన్ పేరుంది. ఆయన బృందం 1973లో దక్షిణాఫ్రికాలో దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే చేతికొక మార్కు. బొటనవేలు ముంజేతికి ఆనితే చేతికొకటి. మోచేయి, మోకాలు నిటారు గీత దాటి 10 డిగ్రీలకు మించి వెనక్కి పోతే ఒక్కోదానికి ఒకటి. అరచేతులు నేలకు ఆనితే ఇంకొకటి. 2017లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన లెక్క ప్రకారం, ఈడు రాని పిల్లల్లో 6, అది దాటాక 50 ఏళ్ల దాకా 5, ఆపైన 4 మార్కులు వస్తే ఒంట్లో చాలా కీళ్లు వదులుగా ఉన్నట్టు. ఈ పరీక్ష భుజాన్నీ తుంటినీ చీలమండనూ అసలు చూడదు. కాబట్టి మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన అనుమానం కొట్టివేయకూడదు. వయసుతో కీళ్లు బిగుస్తాయి కనుక "చిన్నప్పుడు ఇలా వంగేవారా?" అని కూడా అడగాలి.

ఈ వదులుతనం చాలామందిలో రోగం కాదు, ఒంటి తీరు. ఆడవాళ్లలో, పిల్లల్లో ఎక్కువ. యూరప్ వాళ్లకంటే ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో ఎక్కువ. ఏ బాధా లేకుండా జీవితమంతా గడిపేవాళ్లు బోలెడుమంది. ఒక్క కీలులోనే ఈ గుణం ఉండవచ్చు కూడా. బంతి వదిలే క్షణంలో బౌలర్ బుమ్రా మోచేయి నిటారు దాటి వెనక్కి వంగడం క్రికెట్ చూసేవాళ్లందరికీ తెలిసిందే.

కీలును హద్దులో ఉంచేది లిగమెంట్. లిగమెంట్‌కు గట్టితనం ఇచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని, మూడు పేటలు పేనిన తాడులా ఉంటుంది దాని నిర్మాణం. ఈ సంగతిని 1954, 55 సంవత్సరాల్లో తేల్చింది మన పక్కనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో, శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మూడు గొలుసులు అంత దగ్గరగా ఇమడాలంటే ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉండి తీరాలి. అక్కడ వేరొకటి చేరితే పేట సరిగ్గా పడదు. కొల్లాజెన్ తయారీలోనో అల్లికలోనో వచ్చే ఇలాంటి జన్యులోపాల కుటుంబమే ఎలర్స్-డాన్లాస్ సిండ్రోమ్. 2017 వర్గీకరణలో దీనికి 13 రకాలు. వాటిలో కీళ్లే ప్రధానంగా వదులయ్యే రకానికి మాత్రం కారణమైన జన్యువు ఇంకా దొరకలేదు. లక్షణాలు చూసే గుర్తిస్తారు. ఆ లక్షణాల కొలమానం దాకా రాకుండానే కీళ్ల వదులుతో బాధపడేవాళ్లకు హైపర్‌మొబిలిటీ స్పెక్ట్రమ్ డిజార్డర్ అన్న పేరు పెట్టారు. పేరు ఏదైనా వ్యాయామం విషయంలో దారి దాదాపు ఒకటే.

మరి నొప్పి ఎందుకు? కీలు ఎక్కడ ఆగాలో లిగమెంట్ చెప్పకపోతే ఆ పని కండరం నెత్తిన పడుతుంది. కీలును కదిలించాల్సిన కండరం రోజంతా దాన్ని పట్టుకుని ఉండాల్సి వస్తుంది. సాయంత్రానికి మెడ, భుజాలు, పిక్కలు రాయిలా బిగుసుకుపోతాయి. దీనికి తోడు మరో చిక్కుంది. కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కండరాల్లో, కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్లలో, కీళ్ల చుట్టూ ఉండే సూక్ష్మ గ్రాహకాలు క్షణక్షణం మెదడుకు పంపే కబురు అది. కీళ్లు వదులుగా ఉండి బాధపడేవాళ్లలో, ముఖ్యంగా మోకాళ్ల దగ్గర, ఈ కబురు మసకబారుతుందని పరీక్షల్లో తేలింది. మోకాలు వెనక్కి వంగిపోయినా నిటారుగానే ఉందనిపిస్తుంది. గడపకు కాలు తగలడం, చదునైన నేల మీద మడమ మెలిక పడటం అజాగ్రత్త వల్ల కాదు. ఇంట్లోవాళ్లు ఈ మాట తెలుసుకుంటే ఎన్నో తిట్లు తప్పుతాయి.

అదే వదులుతనం ఒకచోట వరమై ఇంకోచోట బరువెలా అవుతుందో 1993లో అమెరికాలో 660 మంది సంగీతకారుల మీద జరిగిన అధ్యయనం అందంగా చూపించింది. మణికట్టు బాగా వంగే 96 మందిలో అక్కడ నొప్పి ఉన్నది 5 మందికి. మణికట్టు మామూలుగా ఉన్న 564 మందిలో 100 మందికి. ఫ్లూటు, వయొలిన్, పియానో వాయించే చేతికి ఆ వంపు మేలే చేసింది. మోకాళ్ల దగ్గర లెక్క తిరగబడింది. వదులు మోకాళ్లున్నవాళ్లకే నొప్పి ఎక్కువ. మణికట్టు కదిలే పనిలో ఉంది, మోకాలు బరువు మోసే పనిలో ఉంది. వదులు కీలుతో ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. కదలిక దానికి ముందే కావలసినంత ఉంది. నిలబెట్టే బలమే కొదవ.

అందుకే స్ట్రెచింగ్ దగ్గర నిక్కచ్చిగా ఉండాలి. బిగుసుకున్న తొడ వెనక కండరాన్ని లాగితే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ బిగువు కీలును కాపలా కాస్తున్న బిగువు. ముందుకు వంగి నుదురు మోకాళ్లకు ఆన్చగలిగిన మనిషి "నా తొడలు పట్టేశాయి" అంటే అక్కడ పొట్టి కండరం లేదు, అలిసిన కండరం ఉంది. దాన్ని ఇంకా లాగితే గంటసేపు ఉపశమనం, మర్నాడు అంతకంటే బిగువు. వేడి కాపడం, మెల్లని కదలిక, ఆపైన బలం పెంచే వ్యాయామం దానికి అసలు మందు.

కీళ్లను బిగించాలన్న తపన చాలా పాతది. హిప్పోక్రటీస్ పేరు మీదున్న ప్రాచీన గ్రీకు గ్రంథంలో సిథియన్లనే సంచార జాతి ప్రస్తావన ఉంది. ఒళ్లు వదులై విల్లు లాగలేక, ఈటె విసరలేక, భుజాల మీద, మణికట్ల మీద, తుంటి మీద వాతలు పెట్టించుకునేవారని అందులో రాశారు. లిగమెంట్‌ను వాతలతో గానీ మందులతో గానీ బిగించలేం. కండరాన్ని మాత్రం ఏ వయసులోనైనా పెంచుకోవచ్చు.

కండరం పెంచడానికి ఎంత బరువు ఎత్తాలి? చాలాకాలం జవాబు "వద్దు, తేలికవే చేయండి" అనే వచ్చేది. డెన్మార్క్‌లో భుజం వదులుగా ఉండి బాధపడే 100 మందిని రెండు జట్లు చేసి 16 వారాల పాటు వ్యాయామం చేయించారు. ఒక జట్టుకు తేలిక వ్యాయామాలు, ఇంకో జట్టుకు భారీ బరువులతో భుజం పూర్తిగా తిరిగేలా వ్యాయామాలు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం భారీ బరువుల జట్టువాళ్లే భుజంతో రోజువారీ పనులు మెరుగ్గా చేసుకోగలిగారు. కండరాల నొప్పి, తలనొప్పి వంటివి తాత్కాలికంగా వాళ్లకే ఎక్కువగా వచ్చాయి. వాళ్లకు నేర్పినవాళ్లు పక్కనే ఉన్నారన్నదీ మరవకూడదు. నాకు ఈ అధ్యయనం చాలా ముఖ్యంగా తోస్తుంది. "నీ ఒళ్లు సున్నితం, జాగ్రత్త" అని విని విని ఏ పనికీ చేయి చాచని స్థితికి వచ్చినవాళ్లకు ఇది దారి చూపిస్తుంది. కదలకపోతే కండరం కరుగుతుంది, కండరం కరిగితే కీలు మరింత జారుతుంది, జారితే భయం పెరుగుతుంది. ఆ వలయాన్ని తెంపేది బరువే.

పిల్లల మీద సిడ్నీలో జరిగిన చిన్న ప్రయోగం ఇంకో అపోహ తీర్చింది. మోకాలు నిటారు దగ్గరే ఆపాలా, వెనక్కి వంగే చోటు దాకా పోనిచ్చి అక్కడ కూడా బలం పెంచాలా అని 26 మంది పిల్లలతో చూశారు. నొప్పి రెండు పద్ధతుల్లోనూ తగ్గింది. అంటే చివరి వంపు నిషిద్ధ ప్రాంతం కాదు. కండరం పట్టులో ఉండగా అక్కడికి వెళ్లవచ్చు. కండరం వదిలేసి లిగమెంట్ మీద వేలాడటమే చెరుపు.

ఇక చేసే తీరు. మొదటి పాఠం జిమ్‌లో కాదు, నిలబడటంలో ఉంది. బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు, వంటగట్టు ముందు, మోకాళ్లు వెనక్కి తోసి, నడుం ఒక పక్కకు వాల్చి, చంకలో బిడ్డను వేసుకుని గంటలు గడిపేస్తారు. అది కండరానికి సెలవు, లిగమెంట్‌కు శిక్ష. మోకాలి బిగింపు వెంట్రుకవాసి వదిలితే చాలు, తొడ ముందు కండరం పనిలోకి వస్తుంది. మొదట్లో వంగి నిలబడ్డట్టు అనిపిస్తుంది. పక్క నుంచి ఎవరైనా ఫోటో తీస్తే నిటారుగానే ఉన్నారని మీకే తెలుస్తుంది. అద్దం, ఫోటో వీళ్లకు అలంకారం కోసం కాదు, లోపలి కబురు మసకబారినచోట కళ్లు ఆ పని చేస్తాయి.

తర్వాత కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా మెల్లగా లేచి, అంతకంటే మెల్లగా కూర్చోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తి కాసేపు నిలపడం. గోడ పట్టుకుని మడమలెత్తడం. గోడకు చేతులు ఆన్చి దండాలు తీయడం, మోచేతులు చివర్లో బిగించకుండా. ఒంటికాలి మీద నిలబడటం, మొదట గోడ పక్కన, కళ్లు తెరిచి. గ్లాస్గోలో ఇలాంటి వ్యాయామాలను ఇంటి దగ్గరే 8 వారాలు చేయించి చూస్తే మోకాలి నొప్పి తగ్గింది, కీలు ఎక్కడుందో తెలిసే శక్తీ మెరుగుపడిందని 2004లో ప్రకటించారు. పన్నెండు, పదిహేను సార్లు తీరు చెడకుండా చేయగలిగితే కొంచెం బరువు కలపాలి. బరువు, సార్లు, రోజులు, వీటిలో ఒకసారికి ఒకటే పెంచాలి. వారానికి రెండు మూడు రోజులు చాలు. మర్నాడు కండరం నొప్పి ఉంటే ఫర్వాలేదు. కీలు వాచినా, నొప్పి రెండు రోజులు దాటినా బరువు తగ్గించుకోవాలి, మానేయకూడదు.

జిమ్‌లో మెషీన్లు బరువును ఒక దారిలో నడిపిస్తాయి కాబట్టి తొలి నెలల్లో మేలు. రబ్బరు బ్యాండు సాగేకొద్దీ లాగుతుంది, అంటే కీలు బలహీనంగా ఉండే చివర్లోనే లాగుడు ఎక్కువ. దాన్ని పూర్తిగా సాగదీయవద్దు. సైకిల్ సీటు మరీ ఎత్తు పెడితే పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు బిగుసుకుపోతుంది. ఈత హాయి, భుజం జారేవాళ్లు మాత్రం చేతుల ఊపు తగ్గించాలి. ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో వీళ్లకు మోకాలి గాయాల ముప్పు ఎక్కువని పరిశోధనలు చెప్పాయి. కబడ్డీ అలాంటి ఆటే. ఆడేముందు తొడలకు, పిరుదులకు బాగా బలం కూర్చాలి.

యోగా మానమని ఎవరికీ చెప్పను. ఆసనం లోతు కొలమానం కావడమే ఇక్కడి ప్రమాదం. త్రికోణాసనంలో ముందు మోకాలు వెనక్కి వంగనివ్వకుండా, చేయి నేలకు ఆన్చకుండా, ముప్పాతిక దూరంలో ఆగి కండరంతో నిలబడితే అదే గొప్ప బలవ్యాయామం. అధోముఖ శ్వానాసనంలో మోచేతులు బిగించకుండా ఉంటే చాలు, భుజాలు వణుకుతాయి. ఆ వణుకే పని జరుగుతోందనడానికి గుర్తు. గురువు వీపు మీద చేయి వేసి ఇంకా కిందికి నొక్కబోతే వద్దని చెప్పే హక్కు మీకుంది. కూచిపూడి నేర్చే పిల్లలకు అరమండిలో కాళ్లు పక్కకు తిరగడం తుంటి నుంచి రావాలి. పాదాలు మాత్రమే పక్కకు తిప్పి మోకాళ్లు లోపలికి పడిపోతుంటే అది మెలికే.

కొందరికి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, గుండె దడదడలాడుతుంది. లేచాక పది నిమిషాల్లో రక్తపోటు పడిపోకుండానే నాడి వేగం ముందున్నదానికంటే నిమిషానికి 30కి మించి పెరిగి, నెలల తరబడి అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి. ఇలాంటివాళ్లు పడుకుని, కూర్చుని చేసే వ్యాయామాలతో మొదలుపెట్టి నెమ్మదిగా నిలబడేవాటికి రావాలి.

బరువులెత్తడానికి ముందు తప్పక తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కుటుంబంలో చిన్న వయసులో రక్తనాళం చిట్లి ఎవరైనా పోయినా, చర్మం పలచగా లోపలి రక్తనాళాలు కనిపిస్తూ ఊరికే కమిలిపోతున్నా, బాగా పొడవై చేతులు, వేళ్లు మరీ సాగినట్టున్నా ముందు గుండె, రక్తనాళాల పరీక్ష చేయించుకోవాలి. ఎలర్స్-డాన్లాస్‌లో రక్తనాళాలు బలహీనమయ్యే రకం ఉన్నవాళ్లకు, ఒళ్లు ఇలా పొడవుగా సాగే మార్ఫన్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్నవాళ్లకు భారీ బరువులు ప్రమాదం. భుజమో మోకాలి చిప్పో మళ్లీ మళ్లీ పూర్తిగా జారుతుంటే ఫిజియోథెరపిస్టు దగ్గరే మొదలుపెట్టాలి.

మిగతావాళ్లకు అసలు పరీక్ష ఆటంకం వచ్చాక ఎదురవుతుంది. జ్వరం వచ్చి పది రోజులు మంచాన పడితే ఎవరికైనా కండరం తగ్గుతుంది, వీళ్లకు దానితో పాటు కీళ్ల పట్టూ పోతుంది. లేచిన వారంలో చీలమండ బెణుకుతుంది, వ్యాయామం పడలేదని మానేస్తారు. పడనిది వ్యాయామం కాదు, పాత బరువు. సగం బరువుతో, సగం సార్లతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు తీసుకుని పాత చోటికి రావాలి.