మెదడులో కాల్షియం కనిపిస్తే పెరుగు మానేయాలా?

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక సీటీ స్కాన్ రిపోర్ట్. చేతులు వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది అని మా మావయ్యకి స్కాన్ తీయించారు. మెదడులో రెండు వైపులా కాల్షియం పేరుకుందని వచ్చింది. అంతే, ఇంట్లో ఆయనకి పాలు, పెరుగు బంద్!

తినే కాల్షియం వల్ల ఇది రాదండీ. మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే భాగాలు ఉంటాయి. పెద్ద వయసులో అక్కడ కొంచెం కాల్షియం కనిపించడం మామూలే. తక్కువ వయసులో, ఎక్కువగా కనిపిస్తే మాత్రం కారణం వెతకాలి.

ముందు రక్త పరీక్ష. కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తారు. ఆ హార్మోన్ తగ్గినా స్కాన్ ఇలాగే ఉంటుంది. విచిత్రం ఏంటంటే, అప్పుడు రక్తంలో కాల్షియం తక్కువగా ఉంటుంది. విటమిన్ డితో పాటు కాల్షియమే మందుగా ఇస్తారు! అంటే మనవాళ్ళు చేసింది సరిగ్గా రివర్స్.

రక్తం నార్మల్‌గా ఉంటే, అప్పుడు జన్యువుల వైపు చూడాలి. 2012లో దొరికిన మొదటి జన్యువు ఎస్ఎల్‌సీ20ఏ2. ఫాస్ఫేట్‌ని కణం లోపలికి తీసుకెళ్ళే ప్రోటీన్‌ని ఇది తయారు చేస్తుంది. అది పనిచేయకపోతే ఫాస్ఫేట్ బయటే మిగిలి, కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. 2015లో దొరికిన ఎక్స్‌పీఆర్1 పని, ఫాస్ఫేట్‌ని కణంలోంచి బయటికి పంపడం. ఈ రెండింటిలో ఏదైనా సరే, అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క చెడ్డ కాపీ వచ్చినా చాలు. పుట్టే ప్రతి బిడ్డకీ అది అందే అవకాశం 50 శాతం.

2018లో దొరికిన మయోర్గ్ జన్యువు అలా కాదు. రెండు కాపీలూ చెడితేనే జబ్బు. అమ్మానాన్నలు బాగానే ఉంటారు, ప్రతి బిడ్డకీ 25 శాతం రిస్క్. మేనరికాల్లో ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మన ఇళ్ళల్లో ఇది తప్పకుండా మాట్లాడుకోవాల్సిన విషయం.

జన్యులోపం ఉన్న అందరికీ వణుకు, బిగుసుకుపోవడం రావు. కొందరు జీవితాంతం మామూలుగానే ఉంటారు. పేరుకున్న కాల్షియాన్ని కరిగించే మందు ఇంకా లేదు, లక్షణాలకి మాత్రం వైద్యం ఉంది. అందుకే జన్యు పరీక్షకి ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఆ రిజల్ట్ ఒక్కరిది కాదు, తోబుట్టువులది, పిల్లలది కూడా.

మా మావయ్య రక్త పరీక్ష రిపోర్ట్ ఇంకా రాలేదు. పెరుగన్నం మాత్రం మళ్ళీ మొదలుపెట్టించాం. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.