తొలి ఈత పెయ్యకు ఏ ఆబోతు? పాల లెక్క తర్వాత, ముందు దూడ సైజు చూడండి

పై వీడియోలో మా పెయ్యకు టేపు పెట్టి బరువు ఎలా కట్టాలో చూపించాను. వీడియోలో టైం చాలక చెప్పలేకపోయిన విషయం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాలుగైదు పశువులున్న ఇంట్లో పెయ్య మొదటిసారి చూడికి సిద్ధమైంది. దానికి ఏ జాతి ఆబోతును కట్టించాలి? సూది వేయిస్తే ఏ జాతి స్ట్రా అడగాలి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. తొలి ఈతలో దూడ ప్రాణంతో బయటపడాలి, తల్లి తన కాళ్ల మీద లేచి నిలబడాలి. ఈ రెండూ జరిగే ఆబోతే మంచి ఆబోతు. పాలు, జాతి, రంగు, మూపురం అన్నీ దాని తర్వాతే.

నేను చేసిన పొరపాటు

మాది చిత్తూరు జిల్లా. ఈ వైపు ఏ ఇంట్లో చూసినా జెర్సీ క్రాస్ ఆవులే. మేం ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక నాటు ఆవు పేడ, మూత్రం కావాల్సి వచ్చింది. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం పడతాయి. ఒక్క నాటు ఆవుతో 30 ఎకరాలు చేయొచ్చని పాలేకర్ గారు చెబుతారు. అందుకని ఉన్న క్రాస్ ఆవులను అమ్మకుండా, తరం తరానికి దేశీ రక్తం పెంచుకుంటూ పోదాం అనుకున్నా. ఆలోచన మంచిదే. మొదలుపెట్టిన చోటే తప్పు.

మా జెర్సీ క్రాస్ పెయ్యకు పదిహేడు నెలలు. ఎదకు వచ్చింది. "ఏ స్ట్రా వేయమంటావన్నా?" అని సూది వేసే అబ్బాయి అడిగితే, ఆలోచించకుండా "ఒంగోలు" అన్నాను. పక్కింటి పెద్దాయన అప్పుడే అన్నాడు, "చిన్న పెయ్యకు అంత పెద్ద జాతి ఎందుకప్పా?" అని. "దేశీ దూడ కదా తాతా, సులభంగానే పుడుతుంది" అన్నాను.

ఈనే రోజు రాత్రి రెండు కాళ్లు కనిపించాయి, మూతి రాలేదు. గంట చూద్దాం, ఇంకో గంట చూద్దాం అనుకుంటూ ఆలస్యం చేశాం. డాక్టర్ గారు వచ్చి దూడను బయటకు తీసేసరికి అది చచ్చిపోయి ఉంది. తల్లి మూడు రోజులు లేవలేదు. కింద వరిగడ్డి మందంగా పరిచి, రోజుకు నాలుగైదుసార్లు ఇటు నుంచి అటు తిప్పుతూ కాపాడుకున్నాం. అది బతికింది గానీ ఆ ఈత పాలు పోయాయి, దూడ పోయింది, ఏడాది పోయింది. ఐదు పశువులున్న ఇంట్లో ఒక ఈత పోవడమంటే చిన్న విషయం కాదు.

"దేశీ అయితే దూడ చిన్నది" అన్నది నిజమా?

నిజం కాదు. దేశీలో అన్ని సైజులూ ఉన్నాయి. పుంగనూరు ఆవు మొత్తం బరువే ఇంచుమించు 110 నుంచి 200 కిలోలు. ఒంగోలు ఆవు 400 కిలోలు దాటుతుంది, ఆబోతు ఇంకా చాలా బరువు. రెండూ మన ఆంధ్ర జాతులే, రెండింటికీ మూపురం ఉంది. పుట్టే దూడ సైజులో మాత్రం రెండింటికీ పోలికే లేదు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో మన ఒంగోలు, గిర్, కాంక్రేజ్ లాంటి పశువుల రక్తంతో బ్రాహ్మన్ అనే జాతిని తయారు చేశారు. బ్రాహ్మన్ ఆబోతును మూపురం లేని సీమ ఆవుకు కట్టిస్తే దూడ మామూలు కంటే బరువుగా పుడుతుంది. అదే తిరగేసి, సీమ ఆబోతును బ్రాహ్మన్ ఆవుకు కట్టిస్తే దూడ తేలిగ్గా పుడుతుంది. రెండు దూడల్లోనూ ఉన్నది సగం సగం రక్తమే, అయినా తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నదాన్ని బట్టి బరువు మారుతోంది. అంటే సీమ రక్తం ఎక్కువున్న పెయ్యకు పెద్ద మూపురం జాతి స్ట్రా వేయించడం కష్టాన్ని కోరి తెచ్చుకోవడమే. నేను చేసింది సరిగ్గా అదే.

"తల్లి కడుపు పట్టినంతే దూడ పెరుగుతుందిలే" అని కూడా అంటుంటారు. ఇందులో సగం నిజం ఉంది. 1938లో ఇంగ్లండులో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ అటూ ఇటూ కలిపి చూశారు. పొట్టి తల్లికి పుట్టిన పిల్ల చిన్నగా, పెద్ద తల్లికి పుట్టిన పిల్ల పెద్దగా వచ్చింది. తల్లి కొంతవరకు అదుపు చేస్తుందన్నది ఖాయం. కానీ తండ్రి వాటా ఎక్కడికీ పోదు. ఎముక లావు, తల సైజు, భుజాల వెడల్పు తండ్రి నుంచి కూడా వస్తాయి. పెయ్య కటి ఎముకల మధ్య దారి ఇంకా పూర్తిగా పెరగలేదు. ఒకటి రెండు కిలోల తేడా కూడా అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఆబోతు కంటే ముందు పెయ్యను చూడండి

పెయ్య వయసు చూసి తొందరపడొద్దు, బరువు చూడండి. ఆ జాతి పెద్ద ఆవు బరువులో 60 నుంచి 65 శాతం వచ్చాకే చూడి కట్టించాలి. తల్లి 350 కిలోలుంటే పెయ్య కనీసం 210, వీలైతే 225 కిలోలు దాటాలి. జెర్సీ క్రాస్ పెయ్యలు మంచి మేత ఉంటే ఏడాదిన్నరకు ఈ బరువుకు వస్తాయి. ఒంగోలు పెయ్యకు రెండున్నర, మూడేళ్లు పట్టొచ్చు.

కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి తోక దగ్గర పిరుదు ఎముక వరకు పొడవు తీసుకోండి. చుట్టుకొలతను అదే అంకెతో గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 58, పొడవు 48 అనుకోండి. 58 × 58 × 48 అంటే 1,61,472. దాన్ని 660తో భాగిస్తే దాదాపు 245 కిలోలు.

మొదటి ఎదకు బరువు చాలకపోతే వదిలేయండి. 21 రోజులకు మళ్లీ వస్తుంది. అప్పటికీ చాలకపోతే మళ్లీ వదిలేయండి. మేత పెట్టండి, ఎద తేదీ మాత్రం రాసుకోండి.

ఏ పెయ్యకు ఏ జాతి

జెర్సీ క్రాస్ పెయ్య: రెండు దారులున్నాయి. మొదటిది, తొలి ఈతకు జెర్సీయే వేయించి, దారి పడ్డాక రెండో ఈత నుంచి దేశీకి మారడం. ఇది అన్నిటికంటే భద్రం, కాకపోతే దేశీ రక్తం ఒక ఈత ఆలస్యం అవుతుంది. రెండోది, పెయ్య నిండుగా పెరిగి ఉంటే సాహివాల్ లేదా రెడ్ సింధి. ఇవీ మూపురం జాతులే గానీ ఒంగోలు అంత పెద్దవి కావు, పాలూ ఉంటాయి. ఒంగోలు స్ట్రా మాత్రం మూడో ఈతకు చూసుకోండి.

హెచ్.ఎఫ్. క్రాస్ పెయ్య: మళ్లీ హెచ్.ఎఫ్. వద్దు. ఆ జాతి దూడలు పుట్టుకతోనే 40 కిలోల దాకా తూగుతాయి. జెర్సీ మేలు.

ఒంగోలు పెయ్య: ఒంగోలే వేయించండి. జాతి నిలబడాలంటే అదే దారి. ఒంగోలు తల్లి కటి వెడల్పుగా ఉంటుంది, తన జాతి దూడను మోసే శక్తి దానికుంది. బరువు వచ్చేదాకా ఆగడం ఒక్కటే షరతు.

పుంగనూరు పెయ్య: పుంగనూరు ఆబోతు తప్ప ఇంకేదీ వద్దు. గిర్, ఒంగోలు, జెర్సీ ఏది వేసినా ఆ చిన్న తల్లికి ప్రమాదమే. పైగా అరుదైన జాతి, కలిపేస్తే పోయినట్టే. పలమనేరులోని పశు పరిశోధన స్థానం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది, అక్కడ సలహా అడగొచ్చు.

ఊరి నాటు పెయ్య: మన ఊళ్లలో తిరిగే చిన్న నాటు పశువులకు వాటి సైజుకు దగ్గరున్న నాటు ఆబోతే సరి. పాలు పెంచుకోవాలని గిర్ వేయించాలనుకుంటే రెండో ఈతలో వేయించండి.

జాతి చెబితే పని అయిపోలేదు. ఒకే జాతిలో ఒక ఆబోతు దూడలు సన్నగా, ఇంకో ఆబోతు దూడలు తల పెద్దగా పుడతాయి. స్ట్రా మీద ఆబోతు నంబరు, జాతి, తేదీ అచ్చు వేసి ఉంటాయి. సూది వేసే ముందు చూపించమని అడగండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. అదే నంబరు ఊళ్లో ఎవరి ఆవుకైనా వేసి ఉంటే, "పెయ్యలు ఎలా ఈనాయి?" అని అడగండి. తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందన్న లెక్క కంటే ఈ ఒక్క సమాధానం మనకు ఎక్కువ పనికొస్తుంది.

సెక్స్‌డ్ స్ట్రా దొరికితే పెయ్యలకే వాడండి. నూటికి దాదాపు 90 ఆడదూడలు పుడతాయి. ఆడదూడ మగదూడ కంటే కాస్త తేలిగ్గా ఉంటుంది కాబట్టి తొలి ఈతకు అదొక అదనపు భద్రత. చూడి కట్టే శాతం మాత్రం మామూలు స్ట్రా కంటే కొంచెం తక్కువ. అందుకే ఎద సమయం తప్పకూడదు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయించాలి.

ఆబోతును ఇంట్లో పెట్టుకోవాలా?

నాలుగైదు ఆవులకు సొంత ఆబోతు బరువే. మేత ఒక ఎత్తు, అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ ఆబోతుకు పుట్టిన పెయ్య రెండు మూడేళ్లకు ఎదకొస్తుంది, అప్పటికీ అదే ఆబోతు కొట్టంలో ఉంటుంది. తండ్రీకూతుళ్ల కలయిక వల్ల బలహీనమైన దూడలు, చూడి నిలవకపోవడం మొదలవుతాయి. ఆబోతు ఉంటే పెయ్యలు ఎదిగేలోపు వేరే ఊరి రైతుతో మార్చుకోండి.

ఊరి ఆబోతుకు కట్టించేవాళ్లకు రెండు మాటలు. బాగా బరువైన ఆబోతు ఎక్కితే పెయ్య నడుము దెబ్బతింటుంది, వయసు కోడె మేలు. రెండోది, ఆబోతు ద్వారా రోగాలు ఒక మంద నుంచి ఇంకో మందకు పాకుతాయి. ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ రోగం మనుషులకూ అంటుతుంది. దానికి ఆడదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో టీకా వేస్తారు, తప్పకుండా వేయించండి. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

చూడి నిలిచాక

దూడ బరువులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. అలాగని దూడ చిన్నగా పుట్టాలని పెయ్యను ఎండగట్టొద్దు. దూడ పెద్దగా తగ్గదు, తల్లికి ముక్కే శక్తి పోతుంది. మరీ కొవ్వు పట్టనివ్వొద్దు కూడా, లోపల కొవ్వు చేరి దారి ఇరుకవుతుంది.

ఈనే రోజు గడియారం చూడండి. ఉమ్మనీటి సంచి పగిలి, పెయ్య గట్టిగా ముక్కుతున్నా గంటలో ఏ మార్పూ లేకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. మన రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్స్ నంబరు 1962. రెండు ముందు కాళ్లు, వాటి మీద మూతి ఆనించి వస్తే సరైన వాటం. కాళ్లు వచ్చి మూతి రాకపోతే తాడు కట్టి లాగొద్దు. నేను ఆ రోజు పోగొట్టుకున్నది ఆ రెండు గంటలే.

ఆ తర్వాత రెండేళ్లకు మా కొట్టంలో ఇంకో పెయ్య ఎదిగింది. టేపు పెట్టి కొలిచి, రెండు ఎదలు వదిలేసి, సాహివాల్ సెక్స్‌డ్ స్ట్రా వేయించాను. తెల్లవారుజామున నేను కొట్టంలోకి వెళ్లేసరికి దూడ పుట్టేసింది, తల్లి నాకుతోంది. గోనెసంచిలో పెట్టి తూకం వేస్తే 21 కిలోలు. పక్కింటి పెద్దాయన వచ్చి చూసి, "ఈసారి అడిగి చేసినావు" అన్నాడు. వీడియోలో ఆ తల్లి వెనకే తిరుగుతున్న ఎర్ర దూడ అదే.