ఆకునారలో ఉక్కు బలం

గోగు కట్టలను చెరువులో ఊరవేసి, మెత్తబడిన బెరడు నుండి నార ఒలిచి పగ్గాలు పేనడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు తరతరాలుగా తెలిసిన విద్య. న్యూజిలాండ్‌లో మావోరీలు ఇటువంటి విద్యనే హరాకెకె మొక్కతో సాధించారు. కత్తుల వంటి పొడవాటి ఆకులతో పొదలుగా పెరిగే ఈ మొక్క ఇక్కడి బాటల పక్కన, ఉద్యానవనాలలో తరచుగా కనిపిస్తుంది. ఆంగ్లేయులు దీనిని ‘న్యూజిలాండ్ ఫ్లాక్స్’ అన్నారు గాని, అసలు ఫ్లాక్స్ అయిన అవిసెతో దీనికి చుట్టరికం లేదు. శాస్త్రనామం ఫోర్మియం టెనాక్స్.

ఆకుపై పసరును ఆల్చిప్పతో గీకి తీసే నారను మావోరీలు ‘ముక’ అంటారు. పొద నడుమనున్న లేత మొవ్వను బిడ్డగా, దాని ఇరువైపుల ఆకులను తల్లిదండ్రులుగా భావించి వాటిని ముట్టక, వెలుపలి ఆకులనే కోయడం వారి ఆచారం. వృక్షశాస్త్రం దృష్ట్యా కూడా ఇది సరియైన పద్ధతే. ఒకప్పుడు ఫాక్స్‌టన్ పట్టణం ఈ నార మిల్లులకు పెట్టింది పేరు. కృత్రిమ దారాల పోటీకి నిలువలేక 1980ల నాటికి ఆ పరిశ్రమ దాదాపు అంతరించింది.

అయితే రసాయన శాస్త్రజ్ఞుల చూపు మళ్ళీ నారపై పడింది. కారణం దానిలోని సెల్యులోజ్. తాడును విప్పితే పురులు, పురిని విప్పితే పోగులు వచ్చినట్లే, నారను విడదీస్తూ పోతే చివరకు కొన్ని నానోమీటర్ల మందం గల సెల్యులోజ్ పోగులు మిగులుతాయి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈ పోగులోని స్ఫటిక భాగానికి పొడవు దిశలో దృఢత్వం సుమారు 140 గిగాపాస్కల్స్. ఉక్కుకు ఇది 200. కాని ఉక్కు సాంద్రత 7.8 కాగా, సెల్యులోజ్‌ది 1.6 మాత్రమే! గంధకామ్లంతో మెత్తని భాగాలను కరిగించి స్ఫటికాలను వేరుచేయవచ్చునని స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ రాన్‌బీ 1950 ప్రాంతంలోనే చూపాడు. హరాకెకె నార నుండి ఇటువంటి స్ఫటికాలను తీసిన విధానాన్ని ఇటలీలోని పెరూజియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించారు.

మట్టిగోడకు వరిగడ్డి ఎలాగో, నేలలో కలిసిపోయే ప్లాస్టిక్‌కు ఈ స్ఫటికాలు అలాగ. మొక్కజొన్న వంటి పంటల నుండి లభించే పాలీలాక్టిక్ ఆమ్లం దృఢత్వం సుమారు 3.5 గిగాపాస్కల్స్. నూటికి కొద్ది పాళ్ళ స్ఫటికాలు సమంగా కలిస్తే అది గట్టిపడుతుంది, ఆక్సిజన్‌ను తేలికగా చొరనీయదు.

చిక్కంతా ఆ ‘సమంగా’ అన్న మాటలోనే ఉంది. సెల్యులోజ్‌కు నీటితో మైత్రి, ప్లాస్టిక్‌కు వైరం. ఆరేకొద్దీ స్ఫటికాలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మరిగే నీటిలో ఒక్కసారిగా రవ్వ గుమ్మరించిన ఉప్మాను తలచుకుంటే చాలు. ప్రతి ఉండా ఒక బలహీన స్థానమే. పగులు అక్కడే మొదలవుతుంది. స్ఫటికాల ఉపరితలానికి ఎసిటైల్ సమూహాలు తగిలించి ప్లాస్టిక్‌తో పొత్తు కుదర్చవచ్చును గాని, ఆ పని మితిమీరితే సెల్యులోజ్‌ను తినే సూక్ష్మజీవుల ఎంజైములకు అది కొరుకుడుపడదు. కుళ్ళాలని చేసిన వస్తువును కుళ్ళకుండా చేసుకోవడమే అవుతుంది.

ప్రతి వస్తువుకూ ఈ శ్రమ అవసరమూ కాదు. రొటొరువాలోని సయాన్ సంస్థ (2025లో ఇది బయోఎకానమీ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసింది) 2010 దశకంలో జెస్ప్రి కంపెనీ కోసం కివీపండ్ల అవశేషాన్ని జీవప్లాస్టిక్‌లో కలిపి, పండు కోసుకు తినే చెంచా-చాకును రూపొందించింది. దానికి నానో స్ఫటికాలతో పనిలేదు. పలుచని ఆహారపు పొరలకైతే వాటి విలువ ఎక్కువ.

మరొక సంగతి. పాలీలాక్టిక్ ఆమ్లం త్వరగా విచ్ఛిన్నం కావాలంటే సుమారు 58 డిగ్రీల వేడి గల పారిశ్రామిక ఎరువు గుట్ట కావాలి. పెరటి కుప్పలో అంత వేడి నిలువదు; లోపలి సెల్యులోజ్‌ను శిలీంధ్రాలు తినగలిగినా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అలాగే ఉండిపోతుంది. కొన్ని సూక్ష్మజీవులు తమలో నిల్వచేసుకునే పాలీహైడ్రాక్సీ ఆల్కనోయేట్లు మామూలు నేలలో సైతం కరుగుతాయి. వీటిలో ముఖ్యమైనది పెళుసు, ఖరీదు కూడా ఎక్కువే. నార బలం అక్కరకు రావలసినది ప్రధానంగా ఇక్కడనే.