ముడి ఓపల్‌లో రంగు ఎక్కడుందో చూడాలి

ఓపల్ అంటే నీరు కలిసిన సిలికా. సాధారణంగా అందులో 6 నుంచి 10 శాతం నీరుంటుంది. కంటికి కనిపించనంత చిన్న సిలికా గోళాలు ఒకే పరిమాణంలో, వరుస తప్పకుండా పేరుకున్నచోట వెలుతురు విడిపోయి రంగులు పలుకుతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి ఈ సంగతి తేల్చారు. గోళాలు చిన్నవైతే రంగు నీలంతోనే ఆగిపోతుంది. ఎరుపు రావాలంటే అవి పెద్దవిగా ఉండాలి, ఎరుపు రాయికి ధర పలికేది అందుకే. వరుస కుదరని ఓపల్‌లో రంగుల ఆట ఉండదు. గనుల్లో దాన్ని పాచ్ అంటారు.

సానపట్టేవారు ముందుగా చూడాల్సింది రంగు పొర ఎంత మందం ఉంది, ఏ వాలున పోతోంది అన్నది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో దొరికే ముడిరాయిలో రంగు తరచు రెండు పాచ్ పొరల మధ్య, బొబ్బట్టులో పూర్ణంలా ఇమిడి ఉంటుంది. పక్క నుంచి చూస్తే సన్నని గీత ధగధగలాడుతుంది. కొనేవారు మోసపోయేది సరిగ్గా అక్కడే. అంచున మెరిసిన రంగు పైనుంచి చూస్తే వెలవెలబోవచ్చు. చివర చిన్న ముఖం అరగదీసి చూపించమంటే అనుమానం తీరుతుంది. పొర వంకర తిరిగి ఉంటే రాయి పెద్దదైనా చేతికొచ్చే నగ చిన్నదే. ఆస్ట్రేలియాలోనే ఉన్న లైట్నింగ్ రిడ్జ్‌లో దొరికే నల్ల ఓపల్‌లో మాత్రం అడుగునున్న నల్ల పాచే రంగుకు నిండుదనం ఇస్తుంది. దాన్ని పూర్తిగా అరగదీస్తే రాయి విలువ పడిపోతుంది.

ముడిరాళ్లను నీళ్ల సీసాలో పెట్టి అమ్మడం మామూలే. తడి రాయి పాలిష్ పట్టినట్టు కనిపిస్తుంది, పగుళ్లు మాత్రం దాక్కుంటాయి. బయటికి తీసి, తుడిచి, ఆరనిచ్చి, వెనక నుంచి దీపం వేసి పది రెట్ల భూతద్దంతో చూడాలి. వెంట్రుకంత గీత కనిపించినా అక్కడ రాయి రెండుగా విడిపోతుందనే లెక్క వేసుకోవడం మంచిది. ఇసుక మచ్చలు పైపైన ఉంటే సానలో పోతాయి, లోతుగా ఉంటే రంగును కూడా తినేస్తాయి. ఆ తర్వాత దీపాన్ని దూరం జరపాలి. నీడలోనూ రంగు నిలబెట్టుకునే రాయే మేలైనది.

ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో, వెగెల్ తెనా దగ్గర 2008లో బయటపడిన ఓపల్‌ది వేరే స్వభావం. అది నీటిని పీల్చుకుంటుంది, పొడిగా ఉన్నప్పుడు నాలుకకు అంటుకుంటుంది. తడిస్తే అద్దంలా మారి రంగు మందగిస్తుంది, పూర్తిగా ఆరాక తిరిగొస్తుంది. తడిగా తూస్తే బరువూ ఎక్కువ చూపుతుంది కాబట్టి క్యారెట్ల లెక్కన కొనేవారు పొడి రాయినే తూయించాలి. రంగునీళ్లను, పొగను కూడా అది అంతే తేలిగ్గా పీల్చుకుంటుంది. అందువల్ల ఇథియోపియా నల్ల ఓపల్ ఎదురైతే అనుమానించక తప్పదు.

ముడిరాయి బరువులో సగమో, అంతకన్నా ఎక్కువో సానలోనే పోతుంది. ధర కట్టేటప్పుడు మిగిలే ముఖాన్నే లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని ఓపల్స్ తేమ కోల్పోతూ సాలెగూడులాంటి పగుళ్లు వేస్తాయి. అనుభవజ్ఞులు కొత్త గని సరుకును కొన్నాళ్లు పొడిగా ఉంచి, తట్టుకున్న రాళ్లనే సానకు ఎక్కిస్తారు.